కన్నెమరా ఆడగుర్రాన్ని దాటించాలా (మగగుర్రంతో జత కట్టించాలా) వద్దా? పక్క రైతు తొందర పెడుతున్నాడు

గాల్వే_శ్రీను
మేం ఉండేది ఐర్లండ్‌లో, గాల్వే దాటాక ఊక్టరార్డ్ వైపు. మా అమ్మాయికి 12 ఏళ్ళు. మూడేళ్ళ కిందట దాని పోరు పడలేక ఒక కన్నెమరా ఆడగుర్రాన్ని కొన్నాం. ఇప్పుడు గుర్రానికి 9 ఏళ్ళు, మూపు దగ్గర ఎత్తు 140 సెంటీమీటర్లు. గోధుమరంగు ఒళ్ళు, నల్ల జూలు, నల్ల కాళ్ళు. ఈ రంగుని ఇక్కడ డన్ అంటారు. పిల్ల మనసు తెలిసిన గుర్రం, ఇంతవరకు ఒక్కసారి కూడా కింద పడెయ్యలేదు.

పోయిన ఆగస్టులో దగ్గర్లోని చిన్న షోకి తీసుకెళ్ళాం. జీను లేకుండా పట్టుకుని నడిపించే క్లాసు. ఎనిమిదింట్లో ఐదో స్థానం వచ్చింది. తల బాగుంది, నడక బాగుంది, మోకాలి కింద ఎముక సన్నం అన్నాడు జడ్జి. మా అమ్మాయి దారంతా ఏడుస్తూనే ఉంది. ఆ కాలే కదా దాన్ని మూడేళ్ళుగా మోస్తోంది, సన్నం అయితే ఏంటి అని నాకూ కోపం వచ్చింది.

ఇప్పుడు మా పక్క రైతు, పెద్దాయన, ఆయనకి ఒక స్టాలియన్, అంటే మగగుర్రం ఉంది, రోజూ కంచె దగ్గర నిలబడి ఒకటే మాట. "నా స్టాలియన్‌కి దాటించు, ఎముక గట్టి పిల్ల పుడుతుంది, షోలో అదే గెలుస్తుంది" అంటాడు. బయటివాళ్ళకి 250 యూరోలు తీసుకుంటాడట, నాకు వందకే అన్నాడు. ఆయన స్టాలియన్‌దీ డన్ రంగే. మా గుర్రం పాస్‌పోర్టులో ఎన్/హెచ్‌డబ్ల్యుఎస్‌డి అని రాసి ఉంది, కొన్నప్పుడు దాన్ని పట్టించుకోలేదు. దాటించొచ్చా? ఇంతకీ ఆ అక్షరాల అర్థం ఏంటి? గుర్రాల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

విజయవాడ_వాసు
కన్నెమరా అంటే నాకు మద్రాసు ఎగ్మోర్ లైబ్రరీ ఒక్కటే తెలుసు. డిగ్రీ రోజుల్లో అక్కడే కూర్చునేవాణ్ణి. గుర్రం కూడా ఉందా ఆ పేరుతో?

క్లిఫ్‌డెన్_హరి
@వాసు రెండూ ఒకే చోటు నుంచి వచ్చిన పేర్లే. 1886 నుంచి 1890 దాకా మద్రాసు గవర్నర్‌గా చేసినాయన లార్డ్ కన్నెమరా, 1896లో తెరిచిన లైబ్రరీకి ఆయన పేరే పెట్టారు. ఆ బిరుదు గాల్వే జిల్లా పడమటి కొసన ఉన్న ప్రాంతానిది. అంతా రాళ్ళు, బురదనేల, సముద్రపు గాలి. ఈ గుర్రాలు పుట్టింది అక్కడే. ఇళ్ళకి పొయ్యిలోకి పీట్ గడ్డలు (ఎండిన బురదనేల మట్టి) మోసేవి, బంగాళదుంప మళ్ళకి ఎరువుగా సముద్రపు నాచు మోసేవి, ఆదివారం ఇంటిల్లిపాదినీ చర్చికి లాక్కెళ్ళేవి. అన్ని పనులకీ ఇంటికి ఒకటే గుర్రం.

@శ్రీను నువ్వు ఉన్న ఊరు మామూలు ఊరు కాదు. కన్నెమరా పోనీ బ్రీడర్స్ సొసైటీ 1923లో పుట్టింది, మొదటి షో 1924లో రౌండ్‌స్టోన్‌లో జరిగింది. వాళ్ళ స్టడ్‌బుక్‌లో (జాతి గుర్రాల రిజిస్టరులో) నంబర్ 1 స్టాలియన్ క్యానన్ బాల్, 1904లో పుట్టింది. ఊక్టరార్డ్‌లో రైతుల పందెం వరసగా 16 ఏళ్ళు గెలిచిందని అక్కడి ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. అది చచ్చిపోయినప్పుడు మనిషి పోయినట్టే రాత్రంతా జాగారం చేశారట.

ఒంగోలు_గిత్త
మాది ప్రకాశం జిల్లా. గుర్రాల గురించి తెలియదు కానీ దాటించడం గురించి మా ఇంట్లో తాతల నాటి నుంచీ తెలుసు. నేను ఒకటే అడుగుతా అన్నా, ఆ పెద్దాయన స్టాలియన్‌కి ఇంతకు ముందు పుట్టిన పిల్లల్ని చూశావా? మేం ఆబోతు దగ్గరికి ఆవుని తోలుకెళ్ళే ముందు దాని దూడల్ని చూస్తాం. ఆబోతు మాత్రం దేవుడి రథంలా ఉండి, దూడలకి మూపురం పక్కకి వాలిపోతుంటే ఎందుకది? వందకే ఇస్తానన్నాడని వెళ్ళకు.

ఇంకోటి, గుర్రానికి పాస్‌పోర్టు ఏంటన్నా, వీసా కూడా కొడతారా?

పద్మ_పశువైద్యం
గన్నవరంలో చదివాను, ఇప్పుడు యార్క్‌షైర్‌లో ప్రాక్టీసు. పాస్‌పోర్టు అంటే గుర్రం గుర్తింపు పుస్తకం. మైక్రోచిప్ నంబరు, తల్లిదండ్రులు, టీకాలు, మందులు అన్నీ అందులో ఉంటాయి. యూరప్‌లో అది లేకుండా గుర్రాన్ని ఉంచుకోకూడదు.

శ్రీనుగారూ, ఆ అక్షరాలే అసలు విషయం. హెచ్‌డబ్ల్యుఎస్‌డి అంటే గిట్ట గోడ విడిపోయే జబ్బు. గిట్ట చుట్టూ గోరులాంటి గట్టి గోడ ఉంటుంది కదా, అది పొరలు పొరలుగా ఊడి చీలిపోతుంది. పిల్లకి ఒకటి నుంచి ఆరు నెలల లోపే మొదలవుతుంది. దీనికి కారణమైన జన్యుమార్పుని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ వాళ్ళు 2015లో బయటపెట్టారు. అప్పుడు పరీక్షించిన కన్నెమరాల్లో దాదాపు 15 శాతం ఈ మార్పుని మోస్తున్నవే.

జబ్బు రావాలంటే చెడ్డ కాపీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. మీ గుర్రంలో ఒకటే ఉంది, రెండోది మంచి కాపీ, ఎన్ అంటే అదే. అది ఆరోగ్యంగానే ఉంటుంది, ఈ జబ్బుతో దాని గిట్టలు చీలవు. కానీ పిల్లకి ఆ కాపీ ఇవ్వగలదు. మగది ఎన్/ఎన్, అంటే రెండూ మంచి కాపీలే అయితే జబ్బు పిల్ల పుట్టే ప్రశ్నే లేదు, మహా అయితే తల్లిలాంటిదే పుడుతుంది. మగది కూడా ఎన్/హెచ్‌డబ్ల్యుఎస్‌డి అయితే పుట్టే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఆ పెద్దాయన్ని స్టాలియన్ కాగితం అడగండి. లేదంటే జూలు నుంచి కుదుళ్ళతో సహా కొన్ని వెంట్రుకలు పీకి ల్యాబ్‌కి పంపితే తేలిపోతుంది. ఇది తెలియకుండా గేటు తీయకండి.

గాల్వే_శ్రీను
థాంక్స్ పద్మగారూ. చదువుతుంటే చెయ్యి చల్లబడింది. సాయంత్రం అడుగుతా. @ఒంగోలు_గిత్త పిల్లల్ని చూడలేదు తమ్ముడూ, నిజమే, ఆ ఆలోచనే రాలేదు.

ఒహాయో_కిరణ్
గిట్టల విషయం పద్మగారు చెప్పాక నేను చెప్పేదేం లేదు. కానీ అసలు శుద్ధమైన కన్నెమరానే కావాలని ఎందుకు? మా కన్నెమరా ఆడగుర్రానికి థరోబ్రెడ్‌తో (పందెపు గుర్రాల జాతి) పిల్లని తీశాం. తల్లి బుద్ధి, తండ్రి పొడుగు వచ్చాయి. మా అబ్బాయి దాని మీదే ఈవెంటింగ్ (స్వారీ, గెంతులు అన్నీ కలిపిన పోటీ) చేస్తున్నాడు.

ఈ సంకరం గొప్పతనం చూడాలంటే స్ట్రోలర్ చాలు. 14.1 హ్యాండ్స్ (దాదాపు 145 సెంటీమీటర్లు) పోనీ, కన్నెమరా థరోబ్రెడ్ కలిసినది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో మేరియన్ కోక్స్‌ని ఎక్కించుకుని పెద్ద పెద్ద గుర్రాల మధ్య షోజంపింగ్‌లో రజతం తెచ్చింది. అంతకు ముందు ఐర్లండ్‌లోనే టామీ వేడ్ స్వారీ చేసిన డన్‌డ్రమ్ ఉంది, 15.1 హ్యాండ్స్, అదీ కన్నెమరా రక్తం ఉన్నదే. 1963లో కింగ్ జార్జ్ కప్పు కొట్టింది. షోలో ఎముక సన్నం అన్న జడ్జి మాట పట్టుకుని పిల్లని తీయడం దండగ. ఏ పనికి కావాలో చూసి తియ్యాలి.

క్లిఫ్‌డెన్_హరి
@కిరణ్ ఈ మాట మాత్రం ఒప్పుకోను. సంకరం చెయ్యాలన్నా శుద్ధమైన తల్లులు ఉండాలి కదా. ఉన్న మంచి ఆడగుర్రాలన్నీ థరోబ్రెడ్‌కి పోతే ఇరవై ఏళ్ళకి కన్నెమరా ఎక్కడుంటుంది? నీ పిల్లకి వచ్చిన ఆ బుద్ధి, ఆ గట్టి కాళ్ళు ఎవరో ఓ పేదరైతు వంద ఏళ్ళపాటు రాళ్ళ మధ్య కాపాడుకుంటే వచ్చినవి.

షో అంటే అందాల పోటీ అనుకుంటారు. ఒక్కసారి క్లిఫ్‌డెన్‌లో జరిగే కన్నెమరా షోకి రండి. ఏటా ఆగస్టు మూడో గురువారం. నేను డబ్లిన్ నుంచి తెల్లవారుజామున బయల్దేరతాను. పోయినసారి ఆడగుర్రాల క్లాసులో సన్నటి జల్లు పడుతోంది, గడ్డి మీద కాళ్ళు జారుతున్నాయి. జడ్జి ఆవిడ గొడుగు లేకుండా ఒక్కో గుర్రం దగ్గరా వంగి ముందుకాలిని మోకాలి నుంచి కిందికి అరచేత్తో నిమురుకుంటూ వెళ్ళింది. తరవాత నడిపించి, త్రికోణంగా దౌడు తీయించి, వెనక నుంచి చూసింది, ముందు నుంచి చూసింది. ఆవిడ చూసేది ఈ గుర్రం కొండ మీద బండరాళ్ళ మధ్య 20 ఏళ్ళు నడవగలదా అని. మోకాలి కింద చుట్టుకొలత 18 నుంచి 21 సెంటీమీటర్లు ఉండాలని జాతి ప్రమాణంలోనే రాశారు. ఎత్తు 128 నుంచి 148. దీనికో కారణం ఉంది శ్రీనూ, ఆ జడ్జి మీ పిల్లని ఏడిపించాలని అనలేదు.

నాటింగ్‌హామ్_సుజాత
@హరి షోల మీద నాకూ ఓ కంప్లైంట్ ఉంది. బండరాళ్ళ మధ్య నడిచే గుర్రం అంటారు, రింగులో గెలిచేవి చూస్తే ఒళ్ళంతా కొవ్వు, మెడ మీద గట్టిగా పట్టీ కట్టినట్టు. ఇవి గాలి పీల్చినా లావెక్కే జాతి. పచ్చి పచ్చికలో వదిలి మేపి మేపి తెస్తారు, ఆ తరవాత గిట్టల్లో వాపొచ్చి లామినైటిస్‌తో నిలబడలేవు. జడ్జీలు కొవ్వుని కండ అనుకోవడం మానేస్తే సగం గుర్రాలు బతుకుతాయి.

శ్రీనుగారూ, ఇంకో విషయం మీకోసం రాస్తున్నా, రాయడం కష్టంగానే ఉంది. నా మొదటి కన్నెమరా ఏడాది పిల్ల. బూడిదరంగు, పేరు బుజ్జి. అమ్మినాయన గిట్టలు కొంచెం పెళుసు అంతే, మంచి నాడాలు కొట్టిస్తే సరి అన్నాడు. నేను పరీక్ష అడగలేదు. కొన్న రెండో నెలలో నాడాలు కొట్టే ఆయన వచ్చి ముందుకాలు తొడ మీద పెట్టుకుని ఆకురాయి ఒక్కసారి ఆనించాడు. గిట్ట అంచు నుంచి పొర తాటాకులా లేచి వచ్చింది. ఆయన ఆకురాయి కింద పెట్టేసి నా మొహం చూశాడు. మేకు దిగడానికి గోడ మిగల్లేదు, గుర్రం గోడ మీద కాకుండా అరిపాదం మీద నిలబడుతోంది. జిగురు నాడాలు, మెత్తటి బూట్లు, మెత్తటి పరుపు, అన్నీ చేశాం. మూడో ఏడు నిండేసరికి లేవడం మానేసింది. డాక్టర్ వచ్చినప్పుడు తల నా ఒళ్ళో పెట్టుకుంది. అంతే.

మీ పెద్దాయన కాగితం చూపించకపోతే ఇంకో మాట మాట్లాడకుండా వచ్చెయ్యండి.

ఒంగోలు_గిత్త
సుజాతక్కా, ఆఫీసులో చదువుతూ బయటికి వెళ్ళిపోయాను. మా పెద్ద గిత్తని తీసేసినప్పుడు నాన్న మూడు రోజులు అన్నం తినలేదు.

క్లిఫ్‌డెన్_హరి
సుజాతగారూ, కొవ్వు విషయంలో మీరన్నది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. బుజ్జి గురించి చదివాక ఇంకేం రాయాలో తెలియడం లేదు.

సికింద్రాబాద్_స్వారీ
మా తాత నిజాం కాలపు గుర్రపుశాలలో పనిచేశాడు. కొనే ముందు ఒంటి మీద సుళ్ళు లెక్కపెట్టేవాడు. నుదుట సుడి ఎక్కడుందో చూసేవాడు, కళ్ళ కింద ఉంటే కొనేవాడు కాదు. మార్వారీ గుర్రాలవాళ్ళు ఇప్పటికీ చూస్తారు. ఇక్కడ మీరంతా వెంట్రుక కుదురు పరీక్ష గురించి మాట్లాడుతుంటే, తాత కూడా ఒంటి మీది వెంట్రుకలే చూసేవాడు కదా అనిపించింది. కాకపోతే ఈ వెంట్రుక నిజం చెబుతుంది.

గాల్వే_శ్రీను
వెళ్ళాను. పెద్దాయన ఏమీ దాచలేదు, పాపం, టీ పెట్టి సొరుగులోంచి పాస్‌పోర్టు తీసి చేతిలో పెట్టాడు. ఎన్/హెచ్‌డబ్ల్యుఎస్‌డి. మా దానిలాగే. "మా నాన్న కాలంలో ఇవన్నీ లేవు, గిట్ట పాడైతే పాడైంది అనుకునేవాళ్ళం" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ వద్దని చెప్పి వచ్చాను. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు.

కొట్టంలో ఆ స్టాలియన్ పిల్లలు రెండున్నాయి. ఒకటి చక్కగా ఉంది. రెండోది తెల్లటి మీగడ రంగు, నీలం కళ్ళు. దాన్ని షోకి తీసుకెళ్ళలేమన్నాడు. అది ఎందుకు?

పద్మ_పశువైద్యం
మీగడ పిల్ల కూడా మీ ప్రశ్నకి జవాబే. కన్నెమరాల్లో డన్ అని పిలిచేది ఎక్కువగా క్రీమ్ అనే జన్యువు వల్ల వచ్చే రంగు. ఒక కాపీ ఉంటే మీ గుర్రంలా గోధుమరంగు. రెండు కాపీలు పడితే ఒళ్ళు మీగడ, చర్మం గులాబి, కళ్ళు నీలం. జబ్బేమీ కాదు, ఎండకి చర్మం కాస్త కమిలిపోతుంది అంతే. కానీ జాతి ప్రమాణంలో ఉన్నది నల్లకళ్ళ మీగడ మాత్రమే, నీలికళ్ళది లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. రెండూ డన్, రెండూ గిట్టజబ్బు మోసేవి. నీలికళ్ళ పిల్ల పుట్టే అవకాశం నాలుగింట ఒకటి, గిట్టజబ్బు నాలుగింట ఒకటి. ఈ రెంటిలో కనీసం ఒకటైనా తగిలే అవకాశం 16లో 7. వంద యూరోలకి దాదాపు బొమ్మా బొరుసూ ఆట.

తెల్లబూడిద స్టాలియన్ దొరికితే రంగు గొడవ తప్పుతుందని కూడా అనుకోకండి. బూడిదరంగు పైన కప్పేస్తుంది, కింద క్రీమ్ దాక్కుని ఉండొచ్చు. పుట్టినప్పుడు ఏ రంగు అని అడగండి.

ఒహాయో_కిరణ్
అంటే మోసే గుర్రాలన్నిటినీ దాటించడం ఆపేస్తే జబ్బు పోతుంది కదా? 15 శాతమేగా.

పద్మ_పశువైద్యం
@కిరణ్ నేనైతే అలా చెప్పను. ఇది చిన్న జాతి. ఆ 15 శాతంలో ఎన్నో మంచి తల్లులు, మంచి వంశాలు ఉన్నాయి. అన్నిటినీ ఒకేసారి కొట్టేస్తే మిగిలినవాటి మధ్య రక్తసంబంధం ఎక్కువై కొత్త జబ్బులు బయటపడతాయి. ఎన్/ఎన్‌తో జత కట్టి, పుట్టిన పిల్లల్లో ఎన్/ఎన్‌లని ఎంచుకుంటూ పోతే రెండు మూడు తరాల్లో తగ్గిపోతుంది. శ్రీనుగారి గుర్రం పనికిరానిది కాదు.

క్లిఫ్‌డెన్_హరి
దీనికి నా ఓటు కూడా. బయటి రక్తం వచ్చి బాగుపడ్డ జాతే ఇది. ఇందాక శుద్ధం శుద్ధం అని నేనే అన్నాను కానీ పేరున్న కన్నెమరా స్టాలియన్ కార్నా డన్ తండ్రి లిటిల్ హెవెన్ అనే థరోబ్రెడ్. అలాంటిదే ఇంకో స్టాలియన్ క్లాంకీహన్ ఆరేటమ్ తండ్రి అరబ్ గుర్రం. ఆ రెంటి పేర్లూ లేని వంశవృక్షాలు ఇవాళ ఎన్ని ఉంటాయి చెప్పండి. కిరణ్, ఇది నీకు ఓ పాయింటు ఇచ్చినట్టే, తీసుకో.

ఒహాయో_కిరణ్
తీసుకున్నా అన్నా, ఫ్రేము కట్టించుకుంటా.

శ్రీను, ఎవరితో కట్టించినా ఈనే రాత్రి గురించి తెలుసుకో. దాదాపు 340 రోజులు మోస్తుంది, కానీ అటూ ఇటూ రెండు మూడు వారాలు. మా దానికి పొదుగు మొనల మీద మైనం బొట్లు కనిపించాక నేనూ మా ఆవిడా వంతులేసుకుని తొమ్మిది రాత్రులు కెమెరా ముందు కూర్చున్నాం. పదో రాత్రి నేను మంచినీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి ముందుకాళ్ళు బయటికి వచ్చేశాయి, ఒకటి ముందు ఒకటి వెనక, వాటి మీద ముక్కు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. గంటలోపు నిలబడాలి, రెండు గంటల్లోపు పాలు తాగాలి, మూడు గంటల్లోపు మాయ పడాలి, ఇవి దాటితే డాక్టర్‌కి ఫోన్ చెయ్యమన్నారు. నిలబడింది. కానీ పాలు దొరకడం లేదు, తల్లి మోకాలిని, గోడని, నా చొక్కాని చీకుతోంది. గంటా యాభై నిమిషాలకి దొరికింది. ఆ గుటక చప్పుడు విని మా ఆవిడ గడ్డిలోనే కూర్చుండిపోయింది. ముర్రుపాలు సరిగ్గా అందాయో లేదో మర్నాడు రక్తం తీసి చూశారు. ఎర్రటి సంచి (ముందే ఊడిన మాయ) ముందు కనిపిస్తే మాత్రం ఆగకూడదు, చేతికి ఏది దొరికితే దానితో కోసి పిల్లని లాగాలి, డాక్టర్ వచ్చేదాకా టైముండదు.

కాకినాడ_రోజా
నాకు గుర్రాలు తెలియవు, ఇద్దరు ఆడపిల్లల తల్లిని. ఓ చిన్న లెక్క. మీ అమ్మాయికి ఇప్పుడు 12. వచ్చే ఏడు కట్టిస్తే ఆ పై ఏడు పిల్ల పుడుతుంది. జీను ఎప్పుడు వేస్తారు దానికి?

పద్మ_పశువైద్యం
మూడున్నర, నాలుగేళ్ళకి. కన్నెమరాలు నెమ్మదిగా ఎదుగుతాయి.

కాకినాడ_రోజా
అంటే అప్పటికి అమ్మాయికి 18. ఇంట్లో ఉంటుందా కాలేజీకి వెళ్ళిపోతుందా? పైగా చూడి చివరి నెలల్లో, పిల్ల పాలు మరిచేదాకా తల్లి మీద స్వారీ ఉండదు. సరిగ్గా అమ్మాయికి గుర్రం కావాల్సిన వయసులో గుర్రం ఉండదు. ఇంతకీ ఆ పిల్ల ఎవరి కోసం శ్రీనుగారూ?

నాటింగ్‌హామ్_సుజాత
రోజాగారూ, ఇన్ని పోస్టుల్లో ఈ మాట మేమెవ్వరం అడగలేదు.

గాల్వే_శ్రీను
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా. రోజాగారి ప్రశ్న మా అమ్మాయినే అడిగాను. కొట్టంలో గుర్రం కాళ్ళ బురద కడుగుతోంది అప్పుడు. పిల్ల పుడితే నీకు ఇష్టమేనా అంటే ముందు ఎగిరి గంతేసింది. తరవాత బ్రష్ ఆపి, "పిల్లని అమ్మేస్తామా నాన్నా?" అంది. మనకున్న పొలంలో రెండు గుర్రాలకి గడ్డి చాలదు కదా అన్నాను. "మరి దానికి ఎందుకు అమ్మని చూపించడం" అంది. నేనేం మాట్లాడలేకపోయాను.

ఈ ఏడు దాటించడం లేదు. ఐదో స్థానం గొడవ కూడా వదిలేశాం. హరిగారు చెప్పాక టేపు తీసుకుని కొలిచాను, 17 ముప్పావు వచ్చింది, జడ్జి అన్నది నిజమే. నడిపించే క్లాసు మానేసి, జీను వేసి దూకించే వర్కింగ్ హంటర్ క్లాసుకి పేరిచ్చింది మా అమ్మాయి. పెద్దాయన తన పాత కర్రలు, డ్రమ్ములు తెచ్చి పొలంలో గెంతులకి అడ్డాలు పెట్టాడు, మాట్లాడుతున్నాడు ఇప్పుడు.

ఒంగోలు_గిత్త
అడ్డాల ఫోటో పెట్టన్నా. మా బండలాగుడు పోటీల్లో పాలపళ్ళు, రెండు పళ్ళు అని విభాగాలుంటాయి, మీ పాప విభాగం ఏంటో కనుక్కుని చెప్పు.

పద్మ_పశువైద్యం
మంచి నిర్ణయం. ఆడగుర్రానికి 9 ఏళ్ళే, తొందరేం లేదు. మొదటి కాన్పుకి మరీ ఆలస్యం చెయ్యకండి, అంతే. పెద్దాయన్ని మాత్రం ఒకటి అడగండి, ఆ స్టాలియన్ దగ్గరికి వచ్చే బయటి గుర్రాల పాస్‌పోర్టులు చూస్తున్నాడా అని. చూడకపోతే మీరు వెళ్ళి పక్కన కూర్చుని చూపించండి, అక్షరాలు చిన్నవి, ఆయనకి కనిపించకపోవచ్చు.

గాల్వే_శ్రీను
రేపే వెళ్తా. కళ్ళజోడు లేకుండానే చదువుతాడు ఆయన, ఇప్పుడు అర్థమవుతోంది.